మద్దెలకు శ్రుతి, చేతికి సూది

ఏ పనిలో తడబడినా పనిముట్టు వంక చూడటానికి మనకు సిగ్గు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పుడే చెవిన పడుతుంది కాబట్టి, తప్పంతా చేతిదేనని ముందే తీర్పు చెప్పేసుకుంటాం. స్వెటర్ అల్లడం నేర్చుకోబోయేవాళ్లకు ఈ తీర్పు మరీ తొందరగా వచ్చేస్తుంది. నాలుగు వేళ్ల పొడవు పట్టీ అల్లేసరికి కుట్లు సూదిని కరుచుకుని మొన దూరనివ్వవు. లేదంటే సూదిని పక్కన పెట్టగానే పది కుట్లు జారిపోతాయి. ఇరవై కుట్లతో మొదలైన పట్టీ పది వరుసలయ్యేసరికి ఇరవై ఆరు కుట్లై ఒక పక్కకు విచ్చుకోవడమూ ఉంది. ‘నా చేతులకు ఈ పని రాదు’ అనేసుకుని ఊలు బంతిని బీరువాలో పడేస్తాం. అది విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు అన్నది ఈ అధ్యాయం వాదన. ఆ సామెత పుట్టిన కళలోనే దానికి జవాబు కూడా ఉంది. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమ మూతకు తడి రవ్వ ముద్ద అద్దుతాడు. కుడి మూత అంచును రాయితో, చిన్న కర్రతో తట్టి గాయకుడి శ్రుతికి తెస్తాడు. దాన్ని ఎవరూ సాకు అనరు, అది చేయకుండా వాయిస్తేనే తప్పు పడతారు. వాయించాక మద్దెలను తిట్టడం సాకు. వాయించకముందు శ్రుతి చేయడం విద్యలో భాగం. అల్లికలో ఆ శ్రుతి చేయడం పేరే సరైన సూదిని ఎంచుకోవడం.

అల్లిక ఎలా నిలుస్తుందో తెలిస్తే సూదికి ఇంత ప్రాధాన్యం ఎందుకో అర్థమవుతుంది. మగ్గం మీద పడుగు, పేక అని రెండు వరుసల నూలు ఒకదాన్నొకటి దాటుతూ బట్టవుతాయి. అల్లికలో ఉన్నది ఒకే దారం. ఆ దారంతో ఒక ఉచ్చు వేసి, దానిలోంచి మరో ఉచ్చును లాగుతూ పోతాం. మన నర్సాపురం ప్రాంతపు మహిళలు కొక్కెం సూదితో అల్లే లేసు కూడా ఉచ్చుల పనే. కానీ ఆ క్రోషే పనిలో ఏ క్షణానైనా కొక్కెం మీద విడిగా ఉండేది ఒకటి రెండు ఉచ్చులే, మిగిలినవన్నీ అప్పటికే ముడిపడి నిలిచిపోయి ఉంటాయి. రెండు సూదుల అల్లికలో ఒక వరుసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని ఉంటాయి. ఒక్కొక్క ఉచ్చు ఎంత పెద్దదవుతుందో నిర్ణయించేది అది చుట్టుకున్న కాడ లావు. జంతికల గొట్టంలో బిళ్ల చేసే పనే ఇక్కడ సూది కాడ చేస్తుంది. పిండి ఎంత బాగా కలిపినా బిళ్ల రంధ్రాన్ని బట్టే జంతిక లావు ఉన్నట్టు, చెయ్యి ఎంత తిరిగినదైనా కాడ లావును బట్టే కుట్టు పరిమాణం ఉంటుంది. చేతి బిగువు దాన్ని కొంచెం అటూ ఇటూ జరపగలదు, అంతే. కుట్టుపని సూది బట్టను పొడుచుకుంటూ పోతుంది. అల్లిక సూది ఒక అచ్చు. అచ్చు మారిస్తే వస్తువే మారుతుంది.

కాబట్టి సూది గురించి ముందు తెలుసుకోవలసింది దాని లావు. దాన్ని చెప్పడానికి మూడు లెక్కలు వాడుకలో ఉండటం వల్ల కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. మన దేశంలో పాత అల్లిక పుస్తకాల్లో, చాలా దుకాణాల్లో నడిచేది పాత బ్రిటిష్ నంబరు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 14 నంబరు 2 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క దీనికి తలకిందులు, అక్కడ నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది. వాళ్ల 6 నంబరు 4 మిల్లీమీటర్లు, 8 నంబరు 5 మిల్లీమీటర్లు. బ్రిటిష్ లెక్కలో 5 మిల్లీమీటర్ల సూదికి నంబరు 6. అంటే ఈ రెండు పద్ధతుల్లో 6, 8 సరిగ్గా ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయి, 7 నంబరు మాత్రం రెండింటిలోనూ 4.5 మిల్లీమీటర్లే. డాలస్‌లో ఉన్న కూతురు ‘ఎనిమిదో నంబరు సూదితో అల్లానమ్మా’ అని ఫోన్లో చెప్పిందనుకోండి. విజయవాడలో తల్లి ఎనిమిదో నంబరు అడిగి తెచ్చుకుంటే ఆమె చేతికొచ్చేది ఒక మిల్లీమీటరు సన్నని సూది. ఇద్దరూ ఒకే నమూనా చూసి, ఒకే లెక్కన కుట్లు వేసినా తల్లి అల్లిన స్వెటర్ బిగుతుగా, చిన్నగా వస్తుంది. అందులో ఆమె చేతి తప్పు రవ్వంత కూడా లేదు. అందుకే నంబరును పట్టించుకోకుండా మిల్లీమీటర్లే చూడండి. మూడు లెక్కల్లోనూ మారకుండా ఉండే సత్యం అదొక్కటే. పాత సూది మీద అంకె చెరిగిపోతే, వరుస రంధ్రాలున్న కొలత పలకలో దూర్చి చూస్తే లావు తెలిసిపోతుంది.

లావు తర్వాత చూడవలసింది సూది దేనితో చేశారన్నది. చాలామంది దీన్ని అందానికి, ధరకు సంబంధించిన విషయం అనుకుంటారు. అసలు సంగతి జారుడు. అల్యూమినియం, ఉక్కు సూదుల మీద దారం సులువుగా జారుతుంది. వెదురు, చెక్క దాన్ని కాస్త పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్ ఈ రెంటి మధ్య ఉంటుంది, తేలికగానూ ఉంటుంది, కానీ సన్నని సైజుల్లో వంగుతుంది. చేయి తిరిగినవాళ్లకు లోహం వేగాన్నిస్తుంది. కొత్తవాళ్లకు అదే వేగం కుట్లు జారిపోయే ప్రమాదం. సూది పక్కన పెట్టగానే పది కుట్లు ఊడిపోయాయన్న ఫిర్యాదుకు వెదురు సూది చాలాసార్లు చాలినంత మందు. దారం స్వభావమూ ఇక్కడ కలుస్తుంది. మన ఊళ్లలో ‘ఊలు’ అని అడిగితే ఇచ్చేది చాలావరకు అక్రిలిక్. అది నునుపైనది కాబట్టి చెక్క, వెదురు దానికి జోడీ. నూలు దారానికి సాగే గుణం తక్కువ, అది చేతిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది, కాబట్టి దానికి జారే లోహం మేలు. నిజమైన గొర్రె ఊలు స్ప్రింగులా సాగి వెనక్కి వస్తుంది, చిన్న చిన్న హెచ్చుతగ్గులను తనలోనే దాచుకుంటుంది. మొన సంగతి కూడా గమనించాలి. పేటలు వదులుగా ఉన్న దారాన్ని బాగా వాడి మొన చీల్చేస్తుంది, దానికి మొద్దు మొన కావాలి. రెండు మూడు కుట్లను కలిపి అల్లే జాలీ పనికి వాడి మొన కావాలి. కాబట్టి ఏ సూది మంచిదని అడిగితే జవాబు దొరకదు. ఈ దారానికి, ఈ పనికి, ఈ చేతికి ఏ సూది అని అడగాలి.

మూడోది ఆకారం. మన కళ్లముందు మెదిలేవి ఒక చివర గుండీ ఉన్న తిన్నని సూదులు. పట్టీలు, మఫ్లర్లు, ముక్కలుగా అల్లి కుట్టే స్వెటర్లకు అవి చాలు. కానీ వస్తువు బరువంతా వాటి చివర వేలాడుతూ మణికట్టును లాగుతుంది. రెండు పొట్టి సూదులను సన్నని తీగతో కలిపిన గుండ్రని సూది వాడితే ఆ బరువు ఒళ్లోకి దిగుతుంది. దాంతో గుండ్రంగానే అల్లాలని నియమం లేదు. అటూ ఇటూ తిప్పుతూ పలకగా కూడా అల్లవచ్చు. అతుకు లేకుండా గొట్టంలా అల్లాలంటే దాని పొడవు వస్తువు చుట్టుకొలతకు తగ్గట్టు ఉండాలి. పసిబిడ్డ టోపీ తీసుకోండి. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ కాస్త సాగి పట్టుకోవాలి కాబట్టి 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే దారంతో 72 కుట్లు వేస్తే 33 సెంటీమీటర్లకు కొంచెం తక్కువగా వస్తుంది. ఈ కుట్లను 40 సెంటీమీటర్ల గుండ్రని సూది మీద ఎక్కిస్తే చుట్టు పూర్తికాదు, కుట్లు ఎంత లాగినా మొదటిదీ చివరిదీ కలవవు. ఇక్కడ రెండు వైపులా మొన ఉన్న నాలుగైదు పొట్టి సూదుల జత కావాలి, లేదా 80 సెంటీమీటర్ల తీగను మధ్యలోంచి ఉచ్చులా బయటికి లాగి అల్లే పద్ధతి నేర్చుకోవాలి. ఇది తెలియని వ్యక్తి గంటసేపు కుట్లు లాగి లాగి, చివరికి ‘నాకు చేతకాదు’ అని లేస్తుంది. కొలబద్దతో తేలే సంగతికి మనసు కష్టపెట్టుకోవడమే అది.

‘ఇన్ని లెక్కలెందుకు, నమూనాలోనే సూది నంబరు రాసి ఉంటుంది కదా, అది కొనుక్కుంటే సరిపోదా’ అన్నది సహజమైన ప్రశ్న. సరిపోదు, ఎందుకంటే ఆ నంబరు నమూనా రాసినవారి చేతికి సరిపోయిన సూది. మీ చేతి బిగువు వారికి తెలియదు. నమూనాలో అసలైన సమాచారం దాని పక్కనే ఉండే మరో అంకె, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు అన్నది. 90 సెంటీమీటర్ల చుట్టుకొలత కావాలనుకుందాం. 10 సెంటీమీటర్లకు 22 కుట్లయితే 198 కుట్లు వేయాలి. మీ చెయ్యి వదులై అదే సూదితో 20 కుట్లే వస్తే ఆ 198 కుట్లు 99 సెంటీమీటర్లు పరుచుకుంటాయి. మీ చెయ్యి బిగువై 24 వస్తే 82.5 సెంటీమీటర్లకే ఆగిపోతాయి. చూపుకు ఆనని రెండు కుట్ల తేడా ఒక స్వెటర్‌ను సంచీని చేస్తుంది, మరొకదాన్ని ఒంటికి ఎక్కనివ్వదు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప అల్లిక గురువుల్లో ఒకరైన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ తన పద్ధతినంతా ఈ గుణకారం మీదే నిలబెట్టారు. మీ చేతికి వచ్చిన కుట్ల లెక్కను మీకు కావలసిన చుట్టుకొలతతో గుణిస్తే మీ స్వెటర్ మీకే పుడుతుందన్నది ఆమె బోధ. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆమె లెక్కను భయపెట్టే వస్తువుగా చూపలేదు. అల్లేవాళ్లను ఇతరుల సూచనల నుంచి విడిపించే తాళంచెవిగా చూపారు.

ఆ లెక్క తెలియాలంటే ముందు ఒక నమూనా ముక్క అల్లుకోవాలి. ఇక్కడ గట్టిగా వినిపించే అభ్యంతరం కాలం, ఊలు వృథా అని. దాన్ని అంకెలతోనే తూచి చూద్దాం. పైన చెప్పిన స్వెటర్‌కు 60 సెంటీమీటర్ల పొడవు అనుకుని, 10 సెంటీమీటర్లకు 30 వరుసలు వేసుకుంటే 180 వరుసలు. 198 కుట్ల చొప్పున చేతులు కాకుండా ఒక్క ఒంటి భాగానికే 35,640 కుట్లు. 15 సెంటీమీటర్ల చదరపు ముక్కకు 33 కుట్లు, 45 వరుసలు, మొత్తం 1,485. అంటే నూటికి నాలుగు వంతులకు కాస్త ఎక్కువ. ఆ నాలుగు వంతులు ఆదా చేద్దామని స్వెటర్ మొత్తం శ్రమను పణంగా పెట్టడం పొదుపు కాదు. ముక్కను అల్లాక, తయారైన వస్తువును ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టండి. అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. కావలసినదానికంటే ఎక్కువ వస్తే ఒక సైజు లావు సూది, తక్కువ వస్తే ఒక సైజు సన్న సూది తీసుకుని మళ్లీ అల్లండి. సగం కుట్టును కూడా కొట్టిపారేయకండి. 22 బదులు 21.5 వస్తే అదే స్వెటర్ 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. మరీ ముఖ్యంగా, ముక్క కోసం కావాలని బిగించి గానీ వదిలి గానీ అల్లకండి. తెచ్చిపెట్టుకున్న బిగువు రెండో వరుసలోనో ఇరవయ్యో వరుసలోనో జారిపోతుంది. చేతిని దాని స్వభావానికి వదిలేసి సూదిని మార్చడమే నిలిచే మార్గం.

ఇప్పుడు సామెత పక్షాన నిలబడి బలమైన వాదన ఒకటి వినాలి. సైకిల్ చువ్వలతో కూడా చక్కగా అల్లేవాళ్లున్నారు, అలాంటప్పుడు సూదిని ఎంచడం పని ఎగ్గొట్టే సాకు కాదా? ఇందులో సగం నిజం ఉంది. కానీ చువ్వతో అల్లే ఆ చేయి ఏళ్ల తరబడి అదే చువ్వకు అలవాటుపడింది. ఏ దారం దానికి నప్పుతుందో, ఎన్ని కుట్లకు ఎంత వెడల్పు వస్తుందో ఆ చేతికి నోటిలెక్క. అంటే వారి శ్రుతి ఎప్పుడో కుదిరింది. నేర్చుకునేవారికి ఇంకా కుదరలేదు. మిగిలిన సగం నిజాన్ని మాత్రం ఒప్పుకోవాలి. కొన్ని తప్పులు కచ్చితంగా చేతివే. వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పడితే మొదటి కుట్టు రెండు కుట్లలా కనబడుతుంది. రెండింటినీ అల్లేస్తే పట్టీ విచ్చుకుంటుంది. ఇరవై కుట్లు ఇరవై ఆరు కావడానికి తరచు ఇదే కారణం, ఏ సూదీ దాన్ని బాగుచేయదు. కుట్లను కాడ మీదికి జరపకుండా సన్నని మొన మీదే అల్లితే ఎంత లావు సూదైనా బిగుసుకుంటుంది. దారాన్ని వేళ్ల మధ్య చుట్టి పట్టకపోతే బిగువు కుట్టుకొక రకంగా ఉంటుంది. మరి ఏది మద్దెల దోషమో, ఏది ఆట దోషమో తేల్చేదెలా? ఒకేసారి ఒక్కటే మార్చాలి. అదే దారం, అవే 24 కుట్లు, అవే 20 వరుసలు ఉంచి, సూదిని మాత్రం మార్చి అల్లండి. ఇబ్బంది పోతే అది సూదిది. పోకపోతే చేతిది, దాన్ని సాధనతో దిద్దుకోవాలి. సాకు వెతికేవాడు ఈ పరీక్షకు నిలబడడు. శ్రుతి చేసేవాడు దీనితోనే మొదలుపెడతాడు.

మరో అభ్యంతరం మన వాతావరణం గురించి. ఎండలు మండే నేలమీద అల్లిక ఎందుకు, మిల్లు స్వెటర్లు చవగ్గా దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకు? అల్లిక అనగానే మంచుదేశాల ఊలు గుర్తుకురావడం సహజమే. కానీ ఇప్పటికి దొరికిన పాత అల్లికల్లో ముందు చెప్పుకోవలసినవి ఈజిప్టు మేజోళ్లు. ఆ మేజోళ్లు నూలుతో అల్లినవి, నీలిమందు అద్దిన దారంతో బొమ్మలు తేల్చినవి. వేడి దేశంలో, పత్తి దారంతో ఎదిగిన విద్య పత్తి పండే మన నేలకు పరాయిది కాదు. నూలు దారంతో సంచులు, చేతి రుమాళ్లు, వేసవి శాలువాలు అల్లవచ్చు. లంబసింగి, అరకు చలికి, అమెరికాలో ఉన్న పిల్లల శీతాకాలానికి ఊలు ఎలాగూ కావాలి. పసిబిడ్డ టోపీ అవసరమైతే ఏ ఊళ్లోనైనా ఉంది. ఇక చవక మాట. డబ్బు లెక్కన మిల్లు స్వెటరే గెలుస్తుంది, దాన్ని కాదనడం అబద్ధం. కానీ ఈ పుస్తకం మాట్లాడుతున్నది నైపుణ్యం గురించి. తప్పు చేస్తే విప్పి అదే దారంతో మళ్లీ మొదలుపెట్టనిచ్చే విద్యలు తక్కువ. కోసిన బట్ట అతకదు, కాలిన కూర తిరిగిరాదు. అల్లికలో మాత్రం ప్రతి పొరపాటూ విప్పదగినదే. తనను తాను తొందరగా తప్పుపట్టుకునే మనసుకు ఇంతకంటే ఓర్పుగల గురువు దొరకడం కష్టం.

ఆచరణలో పెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఇరవై సైజుల పెట్టె మొదటిరోజే కొనకండి. అది రేపటి కోరికను ఇవాళ తీర్చుకోవడం. 4 మిల్లీమీటర్ల వెదురు లేదా చెక్క సూది, దానికి అటూ ఇటూ 3.5, 4.5 సైజులు, మొత్తం మూడు చాలు. గుండ్రని సూదులు తీసుకుంటే 80 సెంటీమీటర్లవి పలక పనికీ, గొట్టం పనికీ వస్తాయి. నీలగిరుల్లో తయారయ్యే పోనీ సూదులు మొదలుకొని మన దేశపు సరుకే కావలసినంత ఉంది కాబట్టి విదేశాల నుంచి తెప్పించుకోనవసరం లేదు. దారం మధ్యరకం లావుది, నునుపైనది, లేత రంగుది ఉండాలి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్టు కంటికి ఆనదు, బూరు లేచిన దారంలో తప్పు దొరకదు. ఒక కొలత టేపు, జారిన కుట్టును వరుసలు దాటించి పైకి తెచ్చుకోవడానికి ఒక క్రోషే కొక్కెం దగ్గర పెట్టుకోండి. మొదట 24 కుట్లు ఎక్కించి అన్నీ నిట్ కుట్లే అల్లండి. తర్వాత దానికి తిరగేసినదైన పర్ల్ కుట్టు నేర్చుకోండి, హిందీ రాష్ట్రాలవాళ్లు సీధా, ఉల్టా అనేవి ఇవే. ఒక వరుస ఇది, ఒక వరుస అది అల్లితే నునుపైన బట్ట వస్తుంది, దాని అంచులు చుట్టుకుపోతాయి. అది ఆ అల్లిక గుణమే, కంగారుపడకండి. ఒకే వరుసలో రెండు ఇవి, రెండు అవి మార్చి వేస్తే సాగే పట్టీ వస్తుంది. ఈ మూడూ కుదిరాక టోపీ, ఆ తర్వాతే స్వెటర్. ప్రతి వరుస చివరా కుట్లు లెక్కపెట్టుకునే అలవాటు మొదటి నెలంతా వదలకండి.

అల్లిన ప్రతి నమూనా ముక్కకూ ఒక చీటీ కట్టండి. దాని మీద దారం పేరు, సూది మిల్లీమీటర్లు, 10 సెంటీమీటర్లకు వచ్చిన కుట్లు రాయండి. ఐదారు చీటీలు పోగయ్యేసరికి ఒక సంగతి బయటపడుతుంది. నమూనాలు 4 అన్నచోట మీకు ప్రతిసారీ 4.5 కావలసివస్తోందనుకోండి, మీది బిగువు చెయ్యి. 3.5 సరిపోతోందంటే వదులు చెయ్యి. ఏదీ లోపం కాదు, గొంతుకు శ్రుతి ఉన్నట్టే చేతికీ ఒకటి ఉంటుంది. ఒకటిన్నర శ్రుతిలో పలికే గొంతును ఐదున్నరకు లాగి, పలకలేదని ఎవరూ నిందించరు. మొదటి పట్టీ బిగుసుకుపోయిన రోజున ‘నాకు రాదు’ అనుకున్న మనిషే ఆరో చీటీ మీద ‘ఈ దారానికి నాకు 4.5’ అని రాసుకుంటుంది. రెండూ ఆ చేతుల గురించి చెప్పిన మాటలే. మొదటిది కొలవకముందు అన్నది, రెండోది కొలిచాక రాసుకున్నది.